పాత మైకు సెట్టుకు కొత్త గొంతు



భూపాలపల్లి నుండి ఒక తమ్ముడు ఉత్తరం వ్రాశాడు. తాతగారి నాటి వాల్వుల మైకు సెట్టు అటక మీద నుండి దింపాడట. సంఘములో పాటల బృందానికి గిటారు వాయిస్తాడు. "గిటారు కలిపితే శబ్దం వస్తోంది గాని, దుప్పటి కప్పినట్టు బరువుగా ఉంది. లోపల ఏమి మార్చాలి అన్నా?" అని అడిగాడు. ఉత్తరం ఇంట్లో పైకి చదివాను. "ముందు ప్రాణం జాగ్రత్త అని వ్రాయండి" అంది మా ఇంటావిడ.

ఆమె భయానికి కారణముంది. మానుకోటలో రేడియో రిపేరు నేర్చుకునే రోజుల్లో, ప్లగ్గు తీసేశాను గదా అన్న ధైర్యంతో ఒక సెట్టులో చేయి పెట్టాను. ఆ షాకుకు వెనక్కి పడ్డాను. వ్రేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ప్లగ్గు తీసినా పెద్ద కండెన్సర్లలో 300, 400 వోల్టులు నిలిచి ఉంటాయి తమ్ముడూ. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టెన్సుకు రెండు వైపులా తొడుగున్న తీగలు వేసి, కండెన్సరు ప్లస్సుకూ ఛాసిస్‌కూ మధ్య కొంతసేపు పట్టి ఉంచు. తరువాత మీటరు పెట్టి చూడు. సున్నా చూపిస్తేనే చేయి పెట్టు. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు వాడు. స్పీకరు కలపకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. ఇంకొక మాట: ట్రాన్స్‌ఫార్మరు లేని పాత ఎ.సి./డి.సి. రేడియోలకు గిటారు అసలు కలపవద్దు. వాటి ఛాసిస్‌కే కరెంటు ఉండవచ్చు, అది తంత్రుల గుండా నీ చేతికి వస్తుంది. నీకు తోడుగా పని తెలిసిన వారు ఒకరు లేకుండా మూత విప్పకు.

ఇక స్వరం సంగతి. లండన్‌లో జిమ్ మార్షల్ అనే ఆయన డ్రమ్ములు నేర్పేవాడు, డ్రమ్ముల దుకాణం నడిపేవాడు. అమెరికా ఫెండర్ కంపెనీ ఆంప్లిఫయర్లు అక్కడ చాలా ఖరీదు. అందుకని 1962లో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి ఫెండర్ బాస్‌మన్ సర్క్యూటునే చూసి ఒకటి చేయించాడు. సర్క్యూటు దాదాపు అదే. అయితే మొదటి వాల్వు 12ఎవై7 బదులు ఇసిసి83 వేశారు, 10 అంగుళాల స్పీకర్ల బదులు 12 అంగుళాలవి మూసిన పెట్టెలో బిగించారు. గొంతే మారిపోయింది! రెండేళ్ళకు, 1964లో, కింక్స్ బృందపు డేవ్ డేవీస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చి బొంగురు స్వరం తెప్పించాడు. ఇది మాత్రం మీ పిల్లలకు చెప్పకండి.

నీ సెట్టులో మొదట చూడవలసినది లోపల కాదు, సాకెట్టు దగ్గర. గిటారు పికప్‌కు 1 మెగా ఓము దాకా ఇన్‌పుట్ కావాలి. మైకు సాకెట్టులో అంతకన్నా బాగా తక్కువ ఉంటే సన్నని స్వరాలు అక్కడే చచ్చిపోతాయి. సగం "దుప్పటి" అదే కావచ్చు.

అప్పటికీ బరువుగానే ఉంటే మొదటి వాల్వు క్యాథోడ్ దగ్గర ఉండే 25 మైక్రోఫారడ్ల కండెన్సరు చూడు. అది బాస్ అంతటినీ పెంచుతుంది. దాని స్థానంలో 0.68 వేస్తే సన్నని స్వరాలు ముందుకు వస్తాయి. అసలు తీసేస్తే శబ్దం తగ్గి స్వరం శుభ్రమవుతుంది. ఒక వాల్వు నుండి మరొకదానికి పోయే 0.1 కండెన్సరు బదులు 0.022, చాలకపోతే 0.0047 వేయి. 600 వోల్టులవి అడుగు. వాల్వు 12ఎఎక్స్7 అయితే అదే సాకెట్టులో 12ఎయు7 పెట్టి చూడు. మొదటిదాని ఆంప్లిఫికేషన్ 100, రెండవదానిది 20 లోపే. గట్టిగా మీటినా త్వరగా పగలదు. పగిలే స్వరమే నచ్చేవారు కూడా ఉన్నారు. కీర్తనలకు నాకైతే శుభ్రమైనదే ఇష్టం.

భాగాలకు నేను జనగామలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తాను. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు చేసిన వాల్వులు పాత రేడియోలలో దొరికితే వదలకు.

రెండు భాగాలు ఒకేసారి మార్చవద్దు. మారిస్తే ఏది ఏమి చేసిందో తెలియదు. నేను ఒకసారి నాలుగు మార్చి, నెలరోజులు కొట్టుకున్నాను. ఒకటి మార్చి, ఇంట్లో గాక ఆదివారం జనంతో నిండిన మందిరంలో విను. వెనుక బెంచీ మీద కూర్చునే పెద్దవారిని కూడా అడుగు. నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాసుకో. తీసిన తాతగారి భాగాలను కాగితంలో చుట్టి, ఎక్కడివో పైన వ్రాసి, సెట్టుతోపాటే ఉంచు. నచ్చకపోతే తిరిగి టంకం పెట్టుకోవచ్చు.