స్టీరింగ్ మనది... దారి ఏనుగుది!

జీపు లేదు. గైడు లేడు. ‘అదిగో సింహం’ అని వేలెత్తి చూపించే వాళ్లెవరూ ఉండరు. ఓ మామూలు అద్దె కారు, చేతిలో మ్యాపు, ఇంటిల్లిపాదికీ తలా ఒక కిటికీ... అంతే! ఆఫ్రికా అడవిలోకి ఇలా సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లొచ్చంటే మనలో చాలామంది నమ్మరు. కానీ దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో దశాబ్దాలుగా జరుగుతున్నది అదే.

పార్కు అనగానే బోనులూ, ఐస్‌క్రీమ్ బండ్లూ గుర్తొస్తే వాటిని పక్కన పెట్టేయండి. దీని విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దదే! 1898లో సాబీ గేమ్ రిజర్వుగా మొదలై, 1926లో జాతీయ పార్కుగా మారింది. మరుసటి ఏడాది పర్యాటకుల కార్లను లోపలికి అనుమతిస్తే వచ్చినవి మూడంటే మూడు. ఇప్పుడు లోపల వందల కిలోమీటర్ల తారురోడ్లున్నాయి, మట్టిరోడ్లు అంతకన్నా ఎక్కువ. అక్కడా మనలాగే ఎడమవైపున నడపాలి, స్టీరింగ్ కుడివైపునే ఉంటుంది. కాబట్టి మనవాళ్లకు చెయ్యి తిరగడానికి పెద్దగా సమయం పట్టదు. అలవాటు చేసుకోవాల్సింది మరొకటుంది. అదే ఆగడం!

మన ఎండాకాలం... వాళ్ల చలికాలం
మన పిల్లలకు బడి సెలవులుండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. వానలు వెనకబడతాయి. గడ్డి ఎండుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి. నీళ్లు తగ్గేకొద్దీ జంతువులు నదుల దగ్గరకీ గుంటల దగ్గరకీ చేరతాయి. అందుకే మే నుంచి సెప్టెంబరు దాకా జంతువుల్ని చూడ్డానికి మంచి కాలం. తెల్లవారుజామున మాత్రం చలి వణికిస్తుంది, స్వెట్టర్లు తప్పనిసరి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు స్కుకూజా నుంచి లోయర్ సాబీ దాకా వెళ్లే రోడ్డు సరైనది. స్కుకూజా ఈ పార్కులోని అతి పెద్ద విడిది. ఆ పేరు వెనుక చిన్న కథ ఉంది. 1902లో ఇక్కడికి తొలి వార్డెన్‌గా వచ్చిన జేమ్స్ స్టీవెన్సన్ హామిల్టన్‌కి స్థానిక త్సోంగా ప్రజలు పెట్టుకున్న పేరది. ‘ఊడ్చిపారేసేవాడు’ అని అర్థం చెబుతారు. అక్కడి నుంచి సాబీ నది పక్కనే సాగే ఈ దారి 45 కిలోమీటర్ల లోపే. మన హైవే మీదయితే ముప్పావుగంట ప్రయాణం. ఇక్కడ సగం రోజు పడుతుంది... పట్టాలి కూడా!

తారురోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్లు. అంతకు మించి వెళ్లకూడదు. నిజానికి 50 కూడా ఎక్కువే. ఆ వేగంలో పొదలో పడుకున్న సింహం కూడా ఎండుగడ్డి కుప్పలాగే కనిపిస్తుంది. పాతికలో వెళ్తే ఆ కుప్పకు చెవులున్నాయని తెలుస్తుంది. అవతల, రోడ్డు దాటబోయే జింకపిల్లకి కూడా ఆ పాతికే ప్రాణం నిలబెట్టేది.

చూడ్డం కూడా ఓ విద్యే
మొదటి గంటలో ఇంపాలా జింకల్ని చూసి పిల్లలు కేకలు పెడతారు. రెండో గంటకు ‘మళ్లీ జింకలేనా’ అంటారు. నిజానికి సింహం జాడ చెప్పేది ఆ జింకలే! మందంతా మేత మానేసి ఒకే దిక్కుకు తలలు తిప్పి నిలబడిందంటే అటువైపు ఏదో ఉన్నట్టే. జిరాఫీ కదలకుండా ఒకేచోట చూస్తున్నా అంతే. కోతులు కొమ్మ మీద నుంచి ఆగకుండా అరుస్తుంటే, అటువైపు చెట్ల మీద చిరుత తోక వేలాడుతోందేమో వెతకండి. రోడ్డు మీద ఏనుగు పేడ ఇంకా తడిగా మెరుస్తుంటే ఆ పెద్దమనిషి ఎంతో దూరం వెళ్లలేదన్నమాట.

ఇంటిల్లిపాదీ తలా ఒక పని పంచుకోండి. నడిపేవాళ్లు రోడ్డు మాత్రమే చూడాలి. పక్కన కూర్చున్నవాళ్లు కుడి ఎడమలు, పిల్లలు చెట్ల కొమ్మలు. పెద్దవాళ్లకు నీటి ఒడ్డు అప్పగిస్తే సరి. ‘ఆపు’ అని ఒకరంటే ఎందుకని అడగకుండా ఆపేయడం ఆ రోజుకు ఇంట్లో చట్టం!

అన్నట్టు, ఆఫ్రికా అడవుల్లో పులి ఉండదు. పిల్లలకు ముందే చెప్పేస్తే నిరాశపడరు. చీతా, చిరుత కూడా ఒకటి కాదు. చీతా ఒంటి మీద విడివిడి చుక్కలుంటాయి, కళ్ల నుంచి నోటిదాకా కన్నీటి చారల్లాంటి నల్లగీతలుంటాయి. చిరుతకు ఆ గీతలుండవు, దాని మచ్చలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి.

దారి పక్క మోడు మీద నీలం, ఊదారంగులు కలగలిసిన పిట్ట ఒకటి కూర్చుని ఉంటుంది. లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అంటారు. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే ఆశ్చర్యపోకండి. దసరానాడు మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్టకు ఇది దగ్గరి చుట్టం.

గజరాజు ఎదురైతే...
ఈ రోడ్ల మీద అసలైన పరీక్ష ఏనుగుతోనే. మలుపు తిరగ్గానే నడిరోడ్డు మీద కొండలా నిలబడి ఉంటుంది. అప్పుడేం చేయాలి? దూరంగానే ఆగాలి. తల్లికీ పిల్లకీ మధ్య కారు దూర్చకూడదు. చెవులు విప్పార్చి తల విదిలించిందంటే ‘ఇక చాలు’ అని చెబుతున్నట్టు. రివర్స్ గేరు వేసి నెమ్మదిగా వెనక్కి జరగాలి. మగ ఏనుగు కణతల నుంచి మదజలం ధారగా కారుతుంటే అది మదమెక్కి ఉందని అర్థం. ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. ‘మదపుటేనుగు’ అన్న మాటే మన దగ్గరుంది కదా! దానికి ఇంకా ఎక్కువ దూరం ఇవ్వాలి. హారన్ మీదకి పోయే చేతిని మాత్రం ఆ ఒక్కరోజుకు అదుపులో పెట్టుకోండి. అది ఇరవై నిమిషాలు నిలబడితే మనమూ ఇరవై నిమిషాలు ఆగాల్సిందే.

ఇంకో నియమం... విడిదుల్లోనూ, అనుమతి ఉన్న చోట్లా తప్ప కారు దిగకూడదు. తలా చేతులూ బయటపెట్టకూడదు. ‘ఒక్క ఫొటో... ఒక్క నిమిషం’ అస్సలు కుదరదు. సింహానికి కారు ఓ కదిలే వస్తువు, పట్టించుకోదు. అందులోంచి దిగిన మనిషి మాత్రం దానికి మనిషిలాగే కనిపిస్తాడు.

మధ్యాహ్నం ఎండెక్కితే జంతువులన్నీ నీడకు చేరతాయి. మనమూ అంతే. దారిలో న్‌కూలూ అనే పిక్నిక్ స్థలంలో దిగి, నది చూస్తూ భోంచేయొచ్చు. పులిహోర డబ్బా మూత తీసేముందు మాత్రం చెట్లపైకి ఓసారి చూడండి. కోతులు కాచుకుని ఉంటాయి! పోనీలే అని ఒక ముద్ద పెట్టినా అది దానికి మేలు కాదు. మనిషి తిండికి అలవాటుపడిన కోతి రేపు ఎగబడుతుంది, చివరికి దాన్ని చంపాల్సిన పరిస్థితి వస్తుంది.

లోయర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ అనే చెరువుంది. రోడ్డు దాని ఒడ్డుదాకా వెళ్తుంది. ఇంజిన్ ఆపేసి గంటసేపు ఊరికే కూర్చోండి. నీళ్లలో నల్లరాళ్లు అనుకున్నవి ఊపిరి వదులుతాయి... నీటిగుర్రాలు! ఒడ్డున దుంగ అనుకున్నది నోరు తెరుస్తుంది... మొసలి! రోజంతా వంద కిలోమీటర్లు తిరిగినవాళ్లకు దొరకనివి ఈ గంటలో దొరుకుతాయి.

చెప్పకూడని సంగతి
చీకటి పడేలోపు గేటు చేరాల్సిందే. ఆలస్యమైతే జరిమానా కట్టాలి. చివరి గంటలో ఏనుగు అడ్డొచ్చినా సరిపోయేలా సమయం చేతిలో ఉంచుకుని వెనక్కి బయల్దేరాలి. వేగం పెంచి సర్దుకుందామంటే కుదరదు.

విడిదిలో ఓ పెద్ద మ్యాపు బోర్డుంటుంది. ఎవరెవరు ఏ జంతువును ఎక్కడ చూశారో దాని మీద రంగురంగుల గుర్తులు పెడతారు. సింహం, చిరుత, ఏనుగు, అడవిదున్న... అన్నీ ఉంటాయి. ‘బిగ్ ఫైవ్’లో అయిదోదైన ఖడ్గమృగానికి మాత్రం గుర్తు పెట్టరు. ఎందుకంటే ఆ బోర్డును చూసేవాళ్లలో వేటగాళ్లూ ఉండొచ్చు. ఒక్క 2014లోనే దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగాల్ని దొంగచాటుగా చంపేశారు. వాటిలో 827 ఈ పార్కులోవే. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తో తయారైన కొమ్ము కోసం! వేటగాళ్లకు పనికిరాకుండా అధికారులే కొన్నిటి కొమ్ముల్ని ముందుగా కోసేస్తున్నారు. అలాంటిది మీకూ కనిపించవచ్చు.

కాబట్టి బయల్దేరేముందు డాక్టరుని అడిగి మలేరియా మందులు తీసుకోండి, ఇంగ్లీషులో ఉన్న లైసెన్సు దగ్గర పెట్టుకోండి, బైనాక్యులర్స్ సర్దుకోండి. దాంతోపాటు పిల్లలకు ఓ మాట చెప్పి ఉంచండి. సింహాన్ని చూస్తే ఊరంతా చెప్పుకోవచ్చు. ఖడ్గమృగాన్ని చూస్తే మాత్రం, అది ఎక్కడ కనిపించిందన్న సంగతి మన కారు దాటి బయటికి పోకూడదు.