మగ్రిబ్ దాటాక ఆస్మాన్ మాట వినదు

మ్యాపు దారి తప్పిస్తే మనం ఫోన్‌నో నెట్‌వర్క్‌నో తిడతాం. చాలాసార్లు కసూర్ వాటిదే. కానీ మన ముల్క్‌లో, ముఖ్యంగా మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ రాత్రుల్లో, కసూర్ ఆస్మాన్‌ది కూడా కావచ్చు.

హకీకత్ ఏమిటంటే, చాలా ఎత్తులో సూర్యకిరణాలు గాలి నుంచి ఎలక్ట్రాన్లను విడదీసిన పొర ఉంది. దాన్ని అయనోస్ఫియర్ అంటారు. మగ్రిబ్ దాటగానే దాని కింది భాగంలో ఎలక్ట్రాన్లు తొందరగా తరిగిపోతాయి. పై భాగం నిలిచి ఉండి, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఇంకా పైకి లేస్తుంది. అంటే బరువు పైన, తేలిక కింద. నూనె మీద నీళ్లు పోస్తే నూనె పైకి తన్నుకొచ్చినట్టే, ఎలక్ట్రాన్లు పలచబడ్డ బుడగలు పైకి లేస్తాయి. కొన్ని 1000 కిలోమీటర్ల ఎత్తు కూడా దాటతాయి. ఉపగ్రహం సిగ్నల్ వీటిలోంచి వస్తే నక్షత్రంలా మినుకుమంటుంది. ఒక్కోసారి రిసీవర్‌కి అందకుండానే పోతుంది.

ఇది కొత్త ఖబర్ కాదు. పెరూలోని హువాన్కాయో రికార్డుల్లో ఈ గడబిడను బుకర్, వెల్స్ 1938లోనే వెల్లడించారు. ఆ రేఖ దగ్గరగా పోతుందనే మనవాళ్లు తుంబాను ఎంచుకుని 1963లో తొలి రాకెట్ వదిలారు. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ ఈ బుడగలనూ చూస్తుంది.

విమానాల కోసం గగన్ కట్టినప్పుడు ఇస్రో మన ఆస్మాన్‌కి వేరే హిసాబ్ తయారుచేసింది. ఠండా దేశాల లెక్క ఇక్కడ సరిపోదు మరి. షుక్రియా చెప్పాల్సిన పనే. కానీ అది సిగ్నల్ ఆలస్యాన్ని దిద్దే లెక్క. సిగ్నలే తెగిపోతే ఏం దిద్దుతాం?

ఉపగ్రహాలుండగా జమీన్ మీద పాత రేడియో పరికరాలెందుకు, ఖర్చు దండగ అనేవాళ్లున్నారు. ఒక ఉపగ్రహం పోతే ఇంకోటుంటుంది అంటారు. నిజమే, మామూలు రాత్రుల్లో. సూర్యుడు జోష్‌లో ఉన్న ఏళ్లలో ఒకే రాత్రి చాలా ఉపగ్రహాలు కలిసి మినుకుమంటాయి. అప్పుడు రన్‌వే వెతుక్కునే పైలట్‌కి కింద నుంచి పలికే రేడియోనే సహారా. దాన్ని పీకేయడం గలత్ అని నా రాయ్.

ఇంకో మాట. తుఫాను ఖబర్ జాలరికి చేరినట్టే, ఈ రాత్రి సిగ్నల్ మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో కూడా మామూలు జబాన్‌లో, తెలుగులో, అతనికి చేరాలి. చూసే రాడార్ మన గడ్డ మీదే ఉంది. చెప్పే జిమ్మేదారీ కూడా మనదే.