బీరువాలో దాచిన టీ ఎవరికోసం?

మా కోయంబత్తూరు ఇంట్లో పట్టుచీరల పక్కన రెండేళ్ళు ఒక టీ డబ్బా ఉండింది. సింగపూరు నుంచి మా బావమరిది తెచ్చిన చైనా టీ, పేరు జిన్ జున్ మెయ్. "వేలు పోసి తెచ్చినాడు, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ఇద్దాం" అని అమ్మ దాచిపెట్టింది. మొన్న మూత తీస్తే కలరా ఉండల వాసన! ఈ రెండేళ్ళూ చక్కెర మానేసిన నాయన, చప్పటి పాలటీ సయించక, పొద్దున పూట వట్టి వేడినీళ్ళు తాగినారు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని నాకు తెలుసు. మనకి మంచి వస్తువంటే దాచేది, ధర చెప్పుకొనేది. కానీ టీ బంగారం కాదు. అది తాగడానికే.

కొత్తవాళ్ళని అన్నిటికన్నా ఖరీదైనదే కొనమనేవాళ్ళ మీద నా కోపం ఇంకా ఎక్కువ. జిన్ జున్ మెయ్ ఫూజియన్ రాష్ట్రంలో, వూయీ కొండల్లోని తోంగ్ము అనే చిన్న ఊళ్ళో 2005లో మొదలైంది. వట్టి మొగ్గలతోనే చేస్తారు, అర కిలోకి వేలకు వేల మొగ్గలు కావాలి. ఆ పేరు రాసిన డబ్బాలన్నీ ఆ ఒక్క ఊరి కొండ నింపగలదా? అసలు రుచే ఎరగనివాళ్ళు నకిలీని ఎట్లా పట్టుకుంటారు? దాన్ని ఆఖరికి ఉంచుకోండి.

మొదట యున్నాన్ రాష్ట్రపు తియన్‌హోంగ్ కొనండి. 1930ల చివర్లో మొదలైన టీ. పెద్ద ఆకు రకం, మన అస్సాం టీ చెట్టుకి దగ్గరి చుట్టం. కాబట్టి మన నాలుకకి మరీ కొత్తగా ఉండదు. చక్కెర లేకున్నా తీపి తగులుతుంది. తర్వాత అన్హుయ్ రాష్ట్రపు కీమన్. సన్న ఆకు, పూల వాసన. మూడోది లాప్సాంగ్ సూచోంగ్, ఆ తోంగ్ము ఊరిదే. పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు. పొగ పెట్టనిది కూడా దొరుకుతుంది, అడిగి కొనండి.

ఒక్కొక్కటి 25 గ్రాములు చాలు. మూడింటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చూడండి. గ్లాసుకి ఒక చెంచా ఆకు, మరిగి కాస్త నిమ్మళించిన నీళ్ళు, పైన మూత, రెండు మూడు నిమిషాలు. వడగట్టిన ఆకు పారెయ్యద్దు, ఇంకో రెండుసార్లు నీళ్ళు పోయొచ్చు. పింగాణీ సెట్లేమీ అక్కర్లేదు.

"పాలు లేని టీ జబ్బు మనిషికి" అంటారు. మనం రోజూ వాడే టీపొడి యంత్రంలో నలిపి, చించి, గుళికలు చేసింది. పాలకి ఎదురు నిలిచే కారం దానికి ఉంటుంది. ఈ ముడి ఆకులో పాలు పోస్తే పాలే మిగులుతాయి. చైనావాళ్ళు దీన్ని నల్ల టీ అనరు, ఎర్ర టీ అంటారు. గాజు గ్లాసులో పోసి చూడండి, ఎందుకో తెలుస్తుంది.

"మనకి కాఫీ ఉండగా ఈ చైనా వేషాలెందుకు?" అనేవాళ్ళకి ఒక్క మాట. "టీ" అన్న మాటే ఫూజియన్ రేవుల నుంచి ఓడలెక్కి వచ్చింది. హైదరాబాదులో అనే "చాయ్" కూడా చైనాలో పుట్టిందే. మాట మనదైనప్పుడు రుచి పరాయిదా?

చివరికి మా నాయనకి మూడూ పోసిచ్చినాను. నేను మెచ్చిన తియన్‌హోంగ్‌ని పక్కన పెట్టేసి, పొగ టీ గ్లాసు రెండుసార్లు వాసన చూసినారు. "మా అవ్వ కట్టెల పొయ్యిరా ఇది" అన్నారు. ఇప్పుడు పొద్దున అదే తాగుతున్నారు, స్టీలు గ్లాసులో. నా సలహా ఓడిపోయింది, ఆయన నాలుక గెలిచింది. అట్లనే కావాల.

మీ బీరువాలో డబ్బా ఏదైనా ఉంటే, ఈరోజే తీయండి.