విశ్వవిద్యాలయాల పరిపాలన వ్యయం: పద్దుల వెనుక కథ

రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఆర్థిక ఇబ్బందుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పరిపాలన భవనం వైపు వేలు చూపడం పరిపాటి. బోధనకన్నా దస్త్రాలకే ఎక్కువ ఖర్చవుతోందన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయితే ఆ దస్త్రాలు ఎక్కడినుంచి వచ్చాయో చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటు.

మూలం పాతది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలో పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలుగా వెలిశాయి. బోధన కళాశాలల పని. ఆ ఏర్పాటు నేటికీ సమసిపోలేదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశంలో 45,473 కళాశాలలు ఉన్నాయి. వాటిలో అత్యధికం ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవే. ప్రశ్నపత్రాల ముద్రణ, మూల్యాంకనం, మార్కుల జాబితాలు, తనిఖీలకు పెద్ద యంత్రాంగమే కావాలి. తమాషా ఏమిటంటే, ఎన్నో విశ్వవిద్యాలయాల సొంత ఆదాయంలో ముఖ్యభాగం ఆ పరీక్ష రుసుములు, అనుబంధ రుసుములే. 2020 జాతీయ విద్యావిధానం అనుబంధ వ్యవస్థను 15 ఏళ్లలో దశలవారీగా తొలగించాలంటోంది. ఖర్చు తగ్గుతుంది, నిజమే. దానితోపాటు పోయే రాబడిని ఎవరు భర్తీ చేస్తారు?

కొత్త సంస్థల ఏర్పాటు మరో కారణం. 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు కాకినాడ, అనంతపురం, హైదరాబాద్‌లలో ఎక్కడికక్కడ ఉపకులపతి, రిజిస్ట్రారు, పరీక్షల విభాగం అవసరమయ్యాయి. విద్యార్థికి కార్యాలయం దగ్గరైంది, స్థిర వ్యయం మాత్రం పెరిగింది. ఇక న్యాక్ గుర్తింపు, జాతీయ ర్యాంకులు, వార్షిక సర్వే: ఒకే సమాచారాన్ని వేర్వేరు నమూనాల్లో నింపే పని చాలాచోట్ల అధ్యాపకుడి బల్ల మీదికే చేరుతోంది. ఆ గంటలు ఏ పద్దులోనూ కనిపించవు.

నిష్పత్తుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంచి, తక్కువ వేతనానికి ఒప్పంద అధ్యాపకులతో నెట్టుకొస్తే బోధన వ్యయం దానంతటదే కుదించుకుపోతుంది. పరిపాలనకు ఒక్క రూపాయి కలపకపోయినా దాని వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. పాత విశ్వవిద్యాలయాల్లో బ్లాక్ గ్రాంటు మీద పడుతున్న పింఛన్ల భారం వేరు. దాన్ని పరిపాలన దుబారాగా లెక్కగట్టడం పొరపాటు. పరీక్షల నిర్వహణ, పింఛన్లు, అసలు కార్యాలయ వ్యయం మూడింటినీ విడివిడిగా చూపే బడ్జెట్ పత్రం ముందుంటేనే కోత ఎక్కడ పెట్టాలో పాలకమండలి తేల్చగలదు.