మిగిలిన సగం

సంతాప సభల్లో ‘ఊరికి ఎంతో చేశాడు, ఇంటినీ చూసుకున్నాడు’ అంటుంటారు. అవేవో వేర్వేరు పనులైనట్టు!

కటక్‌లో టీ కొట్టు నడిపిన దేవరపల్లి ప్రకాశరావు గారినే చూడండి. 2000లో మురికివాడ పిల్లలకి బడి పెట్టి, కొట్టు మీద వచ్చిన దాంట్లో సగం దానికే ఖర్చు చేసేవారు. చదువుతోపాటు పాలు, తిండి. 2019లో పద్మశ్రీ వచ్చింది, 2021 జనవరిలో పోయారు.

ఆయన ఇచ్చిన సగం గురించి అందరూ రాశారు. నా మనసు మాత్రం మిగిలిన సగం మీదే ఉంది. టీ కొట్టు రాబడి ఎంతని! అందులో సగం బయటికి వెళ్ళాలంటే ఇంట్లోవాళ్ళు ఎన్ని కోరికలు చంపుకోవాలో, పోపుల డబ్బాలో చిల్లర దాచుకునే మనకి వేరే చెప్పాలా? ఆ బడిలో వాళ్ళ వాటా కూడా ఉందనే నేనంటాను. మా ఇంట్లో గుడికి ఐదొందలు చందా రాయాలన్నా ఈయన ముందు నా వంక చూస్తారు మరి.