ఆ తల్లిని తెలుగు మానుమనవలదు

కోవిల్పట్టి, విరుదునగరముల చుట్టుపట్ల ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటాడు కుటుంబములు పెక్కు కలవు. అట్టి ఇంట మూడేండ్లు నిండినను మాట రాని బిడ్డ యున్నచో తల్లి పాట్లు ఇంతంత కాదు. మొదట ఇంటివారే "గ్రహణమునాడు నీవేదో కోసియుందువు" అని నేరము ఆమెపై మోపుదురు. (ఈ గ్రహణము తండ్రుల నెన్నడును పట్టకపోవుట మాకు వింతగా నుండును.) బిడ్డ చెవికో మెదడునకో కలిగిన లోపమునకు కత్తిపీటతో సంబంధము లేదు.

అగ్గిపెట్టెల పనికి పోవు తల్లి బిడ్డను శిక్షణకు తీసికొనిపోయిన దినమున ఆమె కూలి పోవును. కోవిల్పట్టి వారికి జిల్లా కార్యాలయములు తూత్తుకుడిలో నున్నవి. రానుపోను నూరు కిలోమీటర్లకు మించును. ఇంత శ్రమించి పోయిన యామెకు పలుచోట్ల వినబడు సలహా యొకటి కలదు: "రెండు భాషలైన బిడ్డ తికమకపడును, ఇంట తెలుగు మానుడు." చెప్పువారు మేలు కోరియే చెప్పుదురు. అయినను అది సరికాదు. డౌన్ సిండ్రోము గల పిల్లలనుగూర్చి కెనడాలో జరిగి 2005లో వెలువడిన పరిశోధనలో, రెండు భాషలు వినుటవలన వారు మరింత వెనుకబడినట్లు కనబడలేదు. ఆటిజము గల పిల్లల విషయమునను తరువాతి పరిశోధనలు ఇట్లే తెలిపినవి. అవ్వయు, తాతయు, అక్కలును తెలుగున ముచ్చటించుచుండగా ఆ యొక్క బిడ్డతో మాత్రము తమిళమన్నచో, అన్నము తినుచోట వాడొక్కడే పరాయివాడగును.

తెన్‌కాశి దాపున ఆయికుడిలో ఎస్. రామకృష్ణన్ 1981లో అమర్ సేవా సంఘమును నెలకొల్పిరి. వారు 1975లో వెన్నెముక దెబ్బతిని కాలుసేతులు పడిపోయినవారు. ఆ సంఘపు పనివారు పల్లెలకు పోయి, బిడ్డకు ఇంటనే చేయింపవలసిన అభ్యాసములను తల్లులకు నేర్పుదురు. ఇంటి అభ్యాసము ఇంటి భాషలో గాక మరి దేనిలో జరుగును?

నూటికి 40 పాళ్లు, అంతకు మించి వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు చేరువ బడిలో ఉచిత విద్య 2016 నాటి చట్టము ఇచ్చిన హక్కు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపుమని రాజ్యాంగమున 1956లో చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఈ రెండును ఒకే బిడ్డకు వర్తించునని మనవారు తలంపరు.

విద్యార్థులారా, అట్టివానిని "మూగవాడు" అనక పేరుపెట్టి పిలువుడు. బదులు పలుకుటకు వానికి కొంత సేపు పట్టును; నిలువుడు. ఇక పెద్దలకు మా మనవి: జూన్ నెల చేరికలలో అట్టి బిడ్డ నెత్తుకొని తల్లి వచ్చినచో, "ఇచ్చట వీలుపడదు" అనుటకు ముందు ఆమెను కూర్చుండబెట్టి, దరఖాస్తు పుచ్చుకొనుడు.