సైబర్ చదువుకు పౌరసత్వం మెలిక

అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునే మన పిల్లలకు కన్సల్టెన్సీలు సైబర్ సెక్యూరిటీని గట్టిగానే సిఫార్సు చేస్తున్నాయి. అనుమతితో లోపాలు వెతికే ఎథికల్ హ్యాకర్లకు కొరత ఉంది, పోటీ తక్కువ అన్నది వాటి వాదన. కొరత మాట నిజమే. ఆ ఖాళీల్లో విదేశీ విద్యార్థిని రానిచ్చేవి ఎన్నో మాత్రం ఎవరూ చెప్పరు.

అక్కడ ఈ రంగంలో ఒక పెద్ద యజమాని ప్రభుత్వం. మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, సైబర్ కమాండ్ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల, పొరుగున వర్జీనియాలో రక్షణ కాంట్రాక్టర్లు బారులు తీరి ఉంటారు. వారి ప్రకటనల్లో తరచూ కనిపించే షరతు సెక్యూరిటీ క్లియరెన్స్. అది సాధారణంగా అమెరికా పౌరులకే ఇస్తారు. గ్రీన్‌కార్డు ఉన్నా చాలదు. చదువు ఖర్చు భరించి ప్రభుత్వ కొలువుకు దారి చూపే సైబర్‌కోర్ స్కాలర్‌షిప్పు కూడా పౌరులకు, శాశ్వత నివాసులకే. సైబర్ కోర్సులకు ఎన్‌ఎస్‌ఏ ఇచ్చే గుర్తింపు చూసి యూనివర్సిటీని ఎంచుకునేవారు ఒకటి గ్రహించాలి: ఆ ముద్ర కోర్సు ప్రమాణాలకే తప్ప కొలువుకు పూచీ కాదు.

మిగిలింది ప్రైవేటు రంగం. అక్కడ గడువు తరుముతుంది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ కోవలోని స్టెమ్ కోర్సు కాబట్టి మరో 24 నెలలు. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. భద్రతా విభాగాలేమో ఫ్రెషర్లను తీసుకోవడానికి వెనకాడతాయి. సర్వర్లు నడపనివాడికి, కోడ్ రాయనివాడికి వాటి కాపలా ఎలా అప్పగిస్తారు?

చదువులోనే ఇంకో ప్రమాదం ఉంది. రిజల్ట్స్ పోర్టల్ లింకులో హాల్‌టికెట్ నంబరు ఒక్క అంకె మారిస్తే పక్కవాడి మార్కులు తెరుచుకున్నాయనుకోండి. లోపం పోర్టల్‌దే. అయినా అనుమతి లేకుండా తవ్వుకుంటూ పోతే నేరం మన మెడకు చుట్టుకోవచ్చు. మన ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అమెరికాలోనూ కంప్యూటర్లలోకి అక్రమ చొరబాట్లపై 1986 నాటి చట్టం ఉంది. సదుద్దేశంతో చేసే పరిశోధనపై కేసులు పెట్టబోమని అక్కడి న్యాయశాఖ 2022లో ప్రకటించినా, అది శాఖ విధానమే, చట్టం కాదు. స్థానిక విద్యార్థికి కేసుతో పోయేది విదేశీ విద్యార్థికి వీసా దాకా వస్తుంది. అందుకే వృత్తి నిపుణులు ఏ సర్వర్లు, ఏ వేళల్లో, ఎవరి సంతకంతో అన్నది కాగితం మీద తేలకుండా కీబోర్డు ముట్టరు.

అలాగని ఈ విద్య వద్దనడం లేదు. హ్యాకింగ్ సాధనాలున్న కాలీ లైనక్స్ ఉచితం, పోర్ట్‌స్విగ్గర్ సంస్థ వెబ్ భద్రతా పాఠాలూ ఉచితమే. నియమాలు ప్రకటించి, లోపాలు పట్టిచ్చినవారికి బగ్ బౌంటీ పేరిట బహుమతి ఇచ్చే కంపెనీలున్నాయి. హ్యాకింగ్ నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే ఓఎస్‌సీపీ పరీక్షలో దాదాపు 24 గంటలు యంత్రాలపై దాడి చేశాక, నివేదిక రాయడానికి మరో 24 గంటలిస్తారు. ఇవన్నీ గుంటూరులో కూర్చునే చేయొచ్చు. రెండు మూడేళ్లు క్లౌడ్‌లోనో నెట్‌వర్క్‌లోనో పనిచేసి వెళ్లినవారికి బ్యాంకులు, ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అవకాశాలు మెరుగు.

ఇల్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టేముందు యూనివర్సిటీని ఒక్క లెక్క అడగాలి: గత బ్యాచ్‌లోని విదేశీ విద్యార్థుల్లో ఎందరు భద్రతా ఉద్యోగాల్లో చేరారు? ఆ లెక్క ఇవ్వని చోట అప్పు చేసి చేరడం తెలివైన పని కాదు.